బిడ్డ పేరు: బారసాల బియ్యం నుంచి పాస్‌పోర్టు దాకా

నా పాస్‌పోర్టులో చాలా ఏళ్లు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండేది. పదో తరగతి మెమోలో మా ఇంటిపేరుకు బదులు ఒక పొడి అక్షరం, పక్కన ఒక చుక్క. అప్లికేషన్ నింపిన ఏజెంటు "పొడి అక్షరాలు తీసుకోరు సార్" అని దాన్ని ఎగరగొట్టి, నా పేరంతా ఒకే గడిలో కుక్కేశాడు. అమెరికా వీసా చేతికొచ్చాక చూస్తే నా పేరు సర్‌నేమ్ గడిలో ఉంది. అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని ఉంది. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని దానర్థం. ఆఫీసు బ్యాడ్జీ మీదా అదే అచ్చయింది. మొదటి వారమంతా రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను "మిస్టర్ ఫ్నూ" అని పిలిచింది.

అప్పటినుంచి చుట్టాల్లో ఎవరింట బిడ్డ పుట్టినా నాకో ఫోన్ వస్తుంది. అక్షరం చూడమని కొందరు, ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని కొందరు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మా చెల్లెలి కూతురికి పేరు పెట్టినప్పుడు దాదాపు అన్ని చిక్కులూ ఒకేసారి వచ్చాయి కాబట్టి మధ్యమధ్యలో ఆ పాప కథ కూడా వస్తుంది.

1. పుట్టిన టైమ్ రాసుకోండి, పేరుకు కంగారు పడకండి

ఆసుపత్రిలో అడగాల్సింది పుట్టిన సమయం, నిమిషాలతో సహా. కేస్ షీట్‌లో ఉంటుంది. తర్వాత అడిగితే అమ్మమ్మ ఒక టైమ్, నాన్న ఒక టైమ్ చెబుతారు. ఇద్దరూ ఒట్టేసి మరీ చెబుతారు.

డిశ్చార్జి రోజున ఫారం తెచ్చి "పేరు చెప్పండి" అంటారు. బారసాల కాకుండా పేరెలా చెప్పాలని చాలామందికి టెన్షన్. చెప్పక్కర్లేదు. పుట్టుకను 21 రోజుల్లోగా నమోదు చేయించాలన్నది నిబంధన. పేరు లేకుండా కూడా నమోదు చేయవచ్చని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్యపు రుసుము కట్టి చేర్పించవచ్చు. అలాగని వదిలేయకండి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర తొందరలో ఏదో ఒకటి చెప్పి తర్వాత మార్చుకోవడం కంటే ఖాళీ వదలడం వెయ్యి రెట్లు నయం. ఖాళీని నింపడం సులువు, తప్పును దిద్దడం కష్టం.

ఆ ఫారంలో తల్లిదండ్రుల పేర్లను మాత్రం ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం అక్షరం సరిచూడండి. బిడ్డ పేరు గురించి ఏడాది చర్చించేవాళ్లు కూడా తమ పేరు తప్పు పడితే చూసుకోరు.

2. నక్షత్రం, పాదం, అక్షరం

పద్ధతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. నక్షత్రాలు 27, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక అక్షరం. పుట్టినప్పుడు చంద్రుడు ఏ పాదంలో ఉంటే ఆ అక్షరంతో జన్మనామం. చంద్రుడు ఒక నక్షత్రాన్ని సుమారు ఒక రోజులో దాటుతాడు కాబట్టి ఒక పాదం ఇంచుమించు ఆరు గంటలు ఉంటుంది. అంటే పావుగంట తేడా వల్ల మామూలుగా ఏమీ మారదు. పాదం మారే వేళకు దగ్గరగా పుట్టిన బిడ్డ విషయంలోనే నిమిషాలు లెక్కకొస్తాయి.

అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. అనూరాధకు నా, నీ, నూ, నే. ఇవి హాయిగా ఉంటాయి, ఎన్ని పేర్లయినా దొరుకుతాయి. చిక్కంతా ఆర్ద్ర, హస్త, ఉత్తరాభాద్ర లాంటి వాటితో. ఆర్ద్ర కూ, ఘ, ఙ, ఛ. హస్త పూ, ష, ణ, ఠ.

మా చెల్లెలి కూతురు సరిగ్గా హస్త మూడో పాదంలో పుట్టింది. అక్షరం 'ణ'. తెలుగులో ణ తో మొదలయ్యే పేరు ఎవరికైనా ఉందేమో చూడండి, నాకైతే కనిపించలేదు. పురోహితుడు గారిని అడిగితే ఆయనే నవ్వేసి, "పుస్తకంలో ఉన్నది అదేనమ్మా, నేనేం చేసేది" అన్నారు.

ఇలాంటప్పుడు మూడు దారులున్నాయి. అదే నక్షత్రంలో వేరే పాదపు అక్షరం తీసుకోవడం ఒకటి, ఎక్కువమంది చేసేది ఇదే. జన్మనామాన్ని పూజలకీ జాతకానికీ విడిగా ఉంచుకుని, పిలిచే పేరు నచ్చినట్టు పెట్టుకోవడం రెండోది. అసలు అక్షరమే పట్టించుకోకపోవడం మూడోది. మూడింట్లో ఏదైనా తప్పు కాదని నా అభిప్రాయం. ఎందుకంటే సంప్రదాయంలోనే బిడ్డకు ఒక్క పేరు కాదు. నక్షత్రాన్నిబట్టి ఒకటి, పుట్టిన మాసాన్నిబట్టి ఒకటి, ఇష్టదైవాన్నిబట్టి ఒకటి, లోకంలో పిలవడానికి వ్యవహారనామం ఒకటి. శ్రావణంలో పుడితే మాసనామం వాసుదేవుడు, కార్తీకంలో అయితే పుండరీకాక్షుడు. ఆ పేర్లు బియ్యంలో రాసి చదివి అక్కడికి వదిలేస్తారు. వాటిని ఆధార్‌లో ఎక్కించమని ఎవరూ అడగరు. నక్షత్రం పేరునూ అలాగే చూడొచ్చు.

3. పేర్ల వేట: కొత్త జాబితాల కంటే ముందు ఇంట్లో వెతకండి

ఫోన్ తీసి 'ప తో అమ్మాయిల పేర్లు' అని కొట్టేముందు ఒక కాగితం మీద మూడు తరాల పేర్లు రాయండి. నాయనమ్మ, తాతయ్య, అమ్మమ్మ, వాళ్ల అమ్మానాన్నలు. పెద్దకొడుక్కి నాన్న తరఫు తాత పేరు పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. దానివల్లే ఒక వంశంలో రెండే రెండు పేర్లు ఒక తరం విడిచి ఒక తరం తిరుగుతుంటాయి. ఇందులో ఒక తమాషా ఉంది. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు కదా, పోనీ అనలేదు కదా. ఆ పేరే కొడుక్కి పెట్టాక వాణ్ణి ఎలా పిలవాలి, ఎలా తిట్టాలి? అందుకే ఆ పిల్లలు జీవితాంతం నాన్నా, బాబూ, చంటీ, బుజ్జీ అయిపోయారు. అరవై ఏళ్ల బుజ్జిబాబాయిలు ప్రతి ఊళ్లో ఉంటారు.

కాగితం మీద రాసిన పేర్లను చదువుతుంటే మీ వాళ్లు ఎక్కడివాళ్లో తెలిసిపోతుంది. అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం. నూకరాజు, నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ. సత్యనారాయణ, సత్యవతి అన్నవరం, పానకాలు మంగళగిరి, కోటయ్య, కోటేశ్వరమ్మ కోటప్పకొండ. ఓబులేసు, ఓబులమ్మ అహోబిలం. కొమురయ్య, మల్లేశం, మల్లవ్వ కొమురవెల్లి మల్లన్నవాళ్లు. రాజేశం, రాజవ్వ వేములవాడ, యాదయ్య, యాదమ్మ యాదగిరిగుట్ట, సమ్మయ్య, సారక్క మేడారం. పిల్లలు లేక నాగులకు మొక్కుకున్న ఇళ్లలో సుబ్బారావు, సుబ్బమ్మ, నాగేశ్వరరావు, నాగమణి పుట్టుకొస్తారు. గుంటూరు, నెల్లూరు వైపు మస్తాన్‌వలీ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానరావు, మస్తానమ్మ ఉంటారు. నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గా పేరిట సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. పేరు హిందువుదా ముస్లిందా అని ఇప్పుడు అడుగుతున్నాం గానీ మొక్కుకున్న తల్లికి ఆ ప్రశ్నే రాలేదు.

మరికొన్ని పేర్లు చూసి నవ్వొద్దు. పుల్లయ్య, పెంటయ్య, పెంటమ్మ, భిక్షమయ్య. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, ఈసారి బిడ్డను ఎంగిలి విస్తరాకులో దొర్లించి, లేదా పెంటకుప్ప మీద పెట్టి మళ్లీ తెచ్చుకునేవారు. లేదంటే నలుగురి దగ్గర బిచ్చమెత్తిన బట్టలు తొడిగేవారు. పనికిరానిదని చావు కూడా వదిలేస్తుందని ఆశ. మీ జాబితాలో అలాంటి పేరు ఉంటే ఆ ముసలావిడకు ఎంతమంది అన్నలూ అక్కలూ పోయారో ఇంట్లో అడగండి.

ఈ పేర్లను ఇవాళ ఉన్నదున్నట్టు పెట్టుకోలేమని అనిపిస్తే దేవుణ్ణి ఉంచుకుని పేరు మార్చండి. ఎల్లమ్మ అంటే రేణుక. మల్లవ్వ నుంచి మల్లిక వస్తుంది. పానకాలస్వామి అంటే నరసింహుడే కాబట్టి నృసింహ అనొచ్చు. భ్రమరాంబను భ్రమర చేయొచ్చు. మా చెల్లెలి అత్తగారి పేరు మాణిక్యాంబ. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి పక్కనున్న అమ్మవారి పేరు. అందులోంచి 'మాణిక్య' తీసుకున్నాం. ఆవిడ పైకి "నా పేరెందుకులే పాతది" అన్నారు గానీ, ఆ సాయంత్రం ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పారు.

4. వడగట్టడం

ఇప్పుడు చేతిలో పది పేర్లు ఉన్నాయనుకుందాం. వాటిని వడగట్టాలి.

అర్థం ముందు చూడండి. ఈమధ్య యాప్‌లలో చూపించే పేర్లు సగం ఎవరో అక్షరాలు అతికించి చేసినవి. ప్రతిదానికీ 'విష్ణుమూర్తి అంశ' అనో 'సూర్యకిరణం' అనో రాసేస్తారు. ఆంధ్రభారతి సైట్లో నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు. అక్కడ ఆ మాట లేకపోతే అనుమానించండి. అర్థం లేని పేరు పెట్టకూడదని కాదు. తెలిసి పెట్టండి, రేపు బిడ్డ అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పాతకాలపు సూత్రం కూడా ఒకటి తెలిసుంటే మంచిది. పారస్కర గృహ్యసూత్రం మగపిల్లలకు రెండో నాలుగో, అంటే సరి సంఖ్యలో అక్షరాలు ఉండాలంటుంది. ఆడపిల్లలకు బేసి సంఖ్యలో, చివర ఆకారంతో. పలకడానికి సుఖంగా, కర్కశంగా లేకుండా ఉండాలన్నది ఆడపిల్లల పేర్ల గురించి మనువు చెప్పినది. మగపిల్లలకూ అదే వర్తింపజేస్తే నష్టమేమీ లేదు.

ఇంటిపేరుతో కలిపి పైకి చదవండి. పిల్లి వారింట్లో సింహాచలం, గాలి వారింట్లో పవన్ ఉన్నారంటే స్కూల్లో ఏమవుతుందో మీకే తెలుసు. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇంగ్లీషులో రాసి చూడండి. హర్షిత్, రక్షిత్, దీక్షిత్ తెలుగులో చక్కటి పేర్లు. ఇంగ్లీషులో చివరి నాలుగు అక్షరాలు విడిగా చదివితే బూతు. బిడ్డ ఇంగ్లీషు దేశంలో బడికి వెళ్లే అవకాశం ఉంటే ఆలోచించండి, ఇక్కడే పెరిగితే పట్టించుకోనక్కర్లేదు.

ఇక పొడవు. అందరి మొక్కులూ తీర్చాలని వెంకట నాగ సత్య సాయి దుర్గా లక్ష్మీ ప్రసన్న అని పెడుతుంటారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలుంటాయి, మెషీన్ చదివేది వాటినే. పై వరసలో పేరుకూ ఇంటిపేరుకూ కలిపి ఉన్న చోటు 39 గుర్తులు. నేను చెప్పిన పేరులో ఇంగ్లీషు అక్షరాలే సరిగ్గా 39, మధ్యలో ఖాళీలు ఆరు. ఇంటిపేరును లెక్కలో వేయకముందే చోటు అయిపోయింది. మిగతాది తెగిపోతుంది, బోర్డింగ్ పాస్ మీద ఇంకా తెగిపోతుంది. కాగితం మీద రెండు మాటల పేరు చాలు. మిగిలిన దేవుళ్లను బియ్యంలో రాయండి, వాళ్లేమీ అనుకోరు.

5. బారసాల

పురుడు పది రోజులు. పదకొండో రోజు పురిటి స్నానం, శుద్ధి, నామకరణం. కొందరు ఇరవై ఒకటో రోజు చేస్తారు, ఇంకా వీలుకాకపోతే మూడో నెలలో. తెలంగాణలో చాలా ఇళ్లలో ఇరవై ఒకటో రోజు తొట్టెల వేస్తారు. ఏ రోజైనా పని ఒకటే.

పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. తర్వాత బిడ్డ కుడి చెవిలో మూడుసార్లు ఆ పేరు చెబుతాడు. బిడ్డను ఉయ్యాల్లో వేస్తారు, ముత్తయిదువలు పాట అందుకుంటారు. బాలింత చేత నూతి పూజ చేయించి నీళ్లు చేదించడం ఉంది. నుయ్యి లేని అపార్ట్‌మెంట్లలో కుళాయికే పసుపు కుంకుమ పెడుతున్నారు.

కావాల్సినవి: వెడల్పాటి పళ్లెం, దాని నిండా బియ్యం, ఉంగరం, కొత్త బట్ట, ఉయ్యాల. పేరు రాసేవాడికి ముందురోజే కాగితం మీద ఒకసారి రాయించండి. హాస్యానికి అనడం లేదు. మా బావగారు ఇంగ్లీషు మీడియం. మాణిక్యకు తోడుగా, నక్షత్రంలో మొదటి పాదపు అక్షరం 'పూ' తీసుకుని 'పూర్ణిమ' అనుకున్నాం. 'పూ' రాశారు. 'ర' రాసి గుడి పెట్టారు. దాని కింద ణ వత్తు దగ్గర ఆగిపోయారు. బియ్యంలో అది తిరగదు. మూడుసార్లు చెరిపి మూడుసార్లు రాశారు. పురోహితుడు గారు వంగి చూసి, "చూశావా అమ్మా, మూడో పాదం ణ ఎక్కడికీ పోలేదు, మధ్యలో వచ్చి కూర్చుంది" అన్నారు. అంతవరకూ మాలో ఎవరికీ తట్టలేదు.

6. ఇంటిపేరు ఏ గడిలో

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే.

మన ఇంటిపేర్లు ఎక్కువ భాగం ఊళ్ల పేర్లు. ఊరి పేరు ఉన్నదున్నట్టు కాకుండా 'ఆ ఊరి' అన్న రూపంలో ఉంటుంది. కందుకూరు అయితే కందుకూరి, రాయపాడు అయితే రాయపాటి, వంగీపురం అయితే వంగీపురపు. నాడు, నాటి లాంటిదే పాడు, పాటి. అంటే కందుకూరి వీరేశలింగం అన్నప్పుడు 'కందుకూరి వాళ్ల వీరేశలింగం' అని వినిపిస్తుంది. ఇంటిపేరు ముందు రావడం మన భాషకు అలవాటు మాత్రమే కాదు, వ్యాకరణమే అలా ఉంది. దాన్ని చివర పెడితే 'వీరేశలింగం కందుకూరి...' అని వాక్యం సగంలో ఆగినట్టుంటుంది. కందుకూరి ఏమిటి అని చెవి అడుగుతుంది.

కానీ ఫారాలు మన వ్యాకరణం చూసి తయారుచేయలేదు. అందుకే పామర్తి, పోతుల, పసుమర్తి అన్నీ 'పి.' అయిపోయి ముందు నిలబడ్డాయి. పాములపర్తి వెంకట నరసింహారావు పి.వి. అయ్యారు, వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్ వి.వి.ఎస్. అయ్యారు. అమెరికా వెళ్లినవాళ్లలో సత్య నాదెళ్ల లాగా ఇంటిపేరు చివరికి జరిగింది. ఇందులో దేన్నీ తప్పు పట్టక్కర్లేదు. కాగితాల్లో పాటించాల్సింది మాత్రం ఇది:

పొడి అక్షరం ఎక్కడా వద్దు. బర్త్ సర్టిఫికెట్ నుంచే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

ఒకే గడి ఉన్నచోట, అంటే ఆధార్, స్కూలు రిజిస్టర్ లాంటివాటిలో, ఇంటిపేరు ముందు పెడతారా వెనక పెడతారా ఒకటి నిర్ణయించుకుని అన్నిచోట్లా అదే వరస రాయండి. నేనైతే ముందే రాయమంటాను. పదో తరగతి మెమోల్లో ఎక్కువగా కనిపించే వరస అదే.

రెండు గడులు ఉన్నచోట, అంటే పాస్‌పోర్టులో, ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతాదంతా గివెన్ నేమ్ గడిలో. వరస గురించి బెంగ వద్దు, ఏది ఏ గడిలో ఉందన్నదే లెక్క. రెండిట్లో ఏదీ ఖాళీ వదలకండి. ఇది అమెరికా వెళ్లేవాళ్ల గొడవే కాదు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమంది, తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. దుబాయి వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్లను ఇది ఎంత కంగారు పెట్టి ఉంటుందో ఊహించండి.

ఇంకో తికమక కులం తోక. రెడ్డి, రావు, నాయుడు, చౌదరి, శర్మ, గౌడ్. ఇవి ఇంటిపేర్లు కావు. కానీ చివర ఉంటాయి కాబట్టి ఆన్‌లైన్ ఫారం నింపేవాడు వాటినే సర్‌నేమ్‌లో పడేస్తాడు. ఒకే ఇంట్లో అన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ రెడ్డి, తమ్ముడి దాంట్లో ఇంటిపేరు ఉన్న కుటుంబాలు నాకు నాలుగైదు తెలుసు. వీసా ఇంటర్వ్యూలో "మీరిద్దరూ సొంత అన్నదమ్ములేనా" అన్న ప్రశ్న వాళ్లకు మామూలే. తోక ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉంచుకుంటే పేరులో భాగంగా గివెన్ నేమ్‌లో ఉంచండి. కొత్తగా పుట్టిన బిడ్డకైతే అసలు తగిలించకపోవడమే నాకు నచ్చుతుంది.

గోత్రం ఏ గడిలోనూ రాయరు. దాన్ని సంకల్పంలో చెప్పుకుంటే చాలు.

7. ఇంగ్లీషు స్పెల్లింగ్

పూర్ణిమకు 'యు' పెట్టాలా, 'డబుల్ ఓ' పెట్టాలా అని మా ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది. త కి మనవాళ్లు టీ పక్కన హెచ్ పెడతారు, ఉత్తరాదివాళ్లు వట్టి టీ రాస్తారు. లక్ష్మికి 'కె-ఎస్-హెచ్' రాసేవాళ్లున్నారు, 'ఎక్స్' రాసేవాళ్లున్నారు. శ్రీకి నాలుగు రకాలు. ఏది సరైనదని అడిగితే ఏదైనా సరైనదే, ఒక్కటే ఉన్నంతకాలం.

నా పద్ధతి: తెలుగు రానివాళ్లు ముగ్గురికి రాసి చూపించి చదవమనండి. ఎక్కువమంది దగ్గరగా పలికింది తీసుకోండి. తర్వాత దాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫొటో తీసి, అమ్మ, నాన్న, తాతల ఫోన్లలో పెట్టండి. మీసేవకు ఎవరు వెళ్లినా నోటితో చెప్పకుండా ఫొటో చూపించాలి. "పూర్ణిమ" అని నోటితో చెబితే ఆపరేటర్ తనకు తోచినట్టు కొడతాడు, తప్పు ఆయనది కాదు.

న్యూమరాలజీ చూపించుకునే వాళ్లుంటే సర్టిఫికెట్ రాకముందే చూపించుకోండి. బిడ్డకు పదేళ్లు వచ్చాక ఒక 'ఏ' అదనంగా చేర్చమన్నారని ఆఫీసుల చుట్టూ తిరిగిన మేనమామ ఒకాయన నాకు తెలుసు. ఆ ఒక్క అక్షరం ఆయనకు ఎంత కలిసొచ్చిందో గానీ జెరాక్స్ షాపువాడికి మాత్రం బాగా కలిసొచ్చింది.

8. కాగితాల వరస

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు చేర్పించడం మొదటిది. మున్సిపాలిటీ, పంచాయతీ, మీసేవ, ఆంధ్రలో అయితే సచివాలయం, మీ ఊరిని బట్టి. 2023 అక్టోబరు 1 నుంచి దీని విలువ పెరిగింది. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు స్కూలు అడ్మిషన్, ఓటరు నమోదు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెటే చూపించాలి. పాత తరంలో పదో తరగతి మెమో చేసిన పని ఇప్పుడు ఇది చేస్తుంది. ప్రింటు చేతికిచ్చేముందు స్క్రీన్ మీద చూపించమనండి.

తర్వాత ఆధార్. అయిదేళ్లలోపు వేలిముద్రలు తీసుకోరు, అయిదేళ్లకు, పదిహేనేళ్లకు అప్‌డేట్ చేయించాలి.

స్కూల్లో చేర్చే రోజున సర్టిఫికెట్ జెరాక్స్ ఇచ్చి ఊరుకోకండి, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎలా రాశారో చూడండి. మళ్లీ తొమ్మిది, పదో తరగతుల్లో స్కూలు బోర్డుకు నామినల్ రోల్స్, అంటే పిల్లల పేర్ల జాబితాలు, పంపుతుంది. మెమో మీద అచ్చయ్యేది దాంట్లో ఉన్నదే. సంతకం పెట్టించేటప్పుడు పిల్లలు చూడరు, మీరే వెళ్లి చూడండి. నా చుక్క అక్కడే పడింది.

9. తప్పు పడితే

బర్త్ సర్టిఫికెట్‌లో అక్షరదోషం అయితే రిజిస్ట్రార్ దగ్గరే ఆధారాలతో దిద్దించుకోవచ్చు. వెంటనే వెళ్లండి. ఆ తప్పుతో ఇంకో రెండు కాగితాలు పుట్టాక వెళితే అవే మీకు ఎదురు సాక్ష్యాలవుతాయి.

పేరే మార్చాలంటే నోటరీ అఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటన (ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు అయితే మంచిది), తర్వాత గెజిట్. గెజిట్ కాపీలు పది తీయించి పెట్టుకోండి. తర్వాత కాగితాలు ఒక్కొక్కటిగా మార్చడం మొదలుపెట్టాలి, ఏ ఒక్కటీ సగంలో ఆపకూడదు.

10. ఇంటిపేరు మారే సందర్భాలు

దత్తత వెళ్తే మారుతుంది. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో, దత్తత వెళ్లి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఆ రెండు 'శ్రీ'ల్లో ఒకటి దత్తతతో వచ్చిందే.

భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలి? 2022 జూలైలో సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులోనే దీనికి జవాబు చెప్పింది. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు తల్లే, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే, కొత్త కుటుంబం ఇంటిపేరు ఇవ్వడానికి అడ్డు లేదంది. రెండో భర్తను కాగితాల్లో 'సవతి తండ్రి' అని చూపించమన్న కింది ఉత్తర్వును తప్పుపట్టింది. బిడ్డ మనసుకు అది ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించాలంది. ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్లు అభ్యంతరం పెడితే ఈ మాట చెప్పండి.

ఇక పెళ్లి. అమ్మాయి ఇంటిపేరు మారడం ఆచారమే గానీ మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. శుభలేఖ మీద, వ్రతం పీటల మీద అత్తింటి పేరు, కాగితాల్లో పుట్టింటి పేరు పెట్టుకుని హాయిగా బతుకుతున్నవాళ్లు బోలెడంతమంది. చదువు సర్టిఫికెట్లన్నీ పాత పేరు మీద ఉన్న అమ్మాయికి నేనిచ్చే సలహా అదే. మార్చుకోవాలనే ఉంటే ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు ఒక దెబ్బకు మార్చుకోండి. అప్పటిదాకా టికెట్లు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే కొనాలి. మా పెదనాన్న కూతురికి పెళ్లయిన నాలుగో రోజున బాలి ప్రయాణం. మరిది ముచ్చటపడి వదిన టికెట్టు కొత్త ఇంటిపేరుతో బుక్ చేశాడు. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఆమె శుభలేఖ తీసి చూపించింది. వాళ్లు అక్షింతలైతే వేశారు గానీ విమానం ఎక్కించలేదు.